ఎంతమందిలో ఎంతమంది?

పదవ తరగతి లెక్కల పుస్తకంలో చివరి పాఠాలలో ఒకటి సాంఖ్యకశాస్త్రం. పరీక్షలు దగ్గర పడితే గాని ఆ పాఠం వంతు రాదు. త్రిభుజాలతో, వర్గసమీకరణాలతో అప్పటికే అలసిపోయిన పిల్లలు అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం అనే మూడు మాటలను, వాటి సూత్రాలను బట్టీపట్టి, నాలుగు మార్కులు తెచ్చుకొని, వేసవి సెలవులలో మరచిపోతారు. పెద్ద చదువులు లేని తలిదండ్రులు ఆ పేర్లు విని, ఇది మనకు సంబంధించినది కాదులే అనుకుంటారు.

నిజానికి మన ఇళ్లలో రోజూ పనికివచ్చే పాఠం అదే. ఈ ఏడు వేరుశనగ వేయాలా మానాలా, పిల్లవాణ్ణి ఏ బడికి పంపాలి, ఏ మందు వాడాలి, ఏ టీకా వేయించాలి అన్నవన్నీ మనం ఎవరో చెప్పిన అంకెలను నమ్మి తీసుకొనే నిర్ణయాలే. అంకె అబద్ధమాడదు అంటారు. కాని అంకెను చెప్పేవాడు సగం చెప్పి ఊరుకోవచ్చు. మిగిలిన సగాన్ని అడిగి తెలుసుకోవడం ఎలాగో నేర్పేదే ఈ శాస్త్రం. ఆ పాఠాన్ని మనకు తెలిసిన సంగతులతో, మన జిల్లాలో జరిగిన ఒక గొప్ప పనితో కలిపి నేర్చుకుందాం.

సంఖ్యాకాండముతో మొదలు

బైబిలులోని నాలుగవ గ్రంథానికి సంఖ్యాకాండము అని పేరు వచ్చినదే జనసంఖ్య వలన. మొదటి అధ్యాయములో సీనాయి అరణ్యములో ఇశ్రాయేలీయులను గోత్రము వారీగా లెక్కించిన సంగతి ఉన్నది. ఒక సాయంకాలం కుటుంబ ప్రార్థన అయిన తరువాత, పిల్లల చేత ఆ అధ్యాయం చదివించి, పన్నెండు గోత్రముల అంకెలను పలక మీద చిన్నదానినుండి పెద్దదానికి వరుసగా వ్రాయించండి. ఆ వరుస ఇలా వస్తుంది: మనష్షే 32,200; బెన్యామీను 35,400; ఎఫ్రాయిము 40,500; ఆషేరు 41,500; గాదు 45,650; రూబేను 46,500; నఫ్తాలి 53,400; ఇశ్శాఖారు 54,400; జెబూలూను 57,400; షిమ్యోను 59,300; దాను 62,700; యూదా 74,600.

ఇటువంటి అంకెల సమూహాన్ని దత్తాంశం అంటారు. అన్నీ కూడితే 6,03,550. దానిని గోత్రముల సంఖ్య 12 చేత భాగిస్తే సుమారు 50,296 వస్తుంది. ఇదే సగటు, పుస్తకంలో దీని పేరు అంకమధ్యమం. అందరినీ సమానంగా పంచితే ఒక్కొక్క గోత్రానికి ఎంతమంది వస్తారో అది చెబుతుంది.

ఇప్పుడు వరుసలో సరిగ్గా మధ్యనున్న అంకెను చూడండి. పన్నెండు సరి సంఖ్య గనుక మధ్యలో ఇద్దరుంటారు, ఆరవవాడు రూబేను, ఏడవవాడు నఫ్తాలి. 46,500, 53,400 రెండిటినీ కూడి సగం చేస్తే 49,950. ఇదే మధ్యగతం. సగం గోత్రములు దీనికి క్రింద, సగం పైన. యూదా నుండి మనష్షేను తీసివేస్తే 42,400. ఇది వ్యాప్తి, అంటే పెద్దదానికీ చిన్నదానికీ గల దూరం. ఇక బాహుళకం అంటే ఎక్కువసార్లు వచ్చిన అంకె. ఈ పన్నెండింటిలో ఏ అంకే రెండవసారి రాలేదు గనుక ఇక్కడ బాహుళకం లేదు.

సగటు 50,296, మధ్యగతం 49,950 ఎంత దగ్గరగా ఉన్నాయో గమనించండి. గోత్రములలో పెద్దవి చిన్నవి ఉన్నా, మిగిలిన వారినందరినీ మించి కొండంత ఎత్తు లేచిన గోత్రము ఏదీ లేదు. అందుకే ఆ రెండూ ఒకే చోట నిలిచాయి.

ఇక్కడే మరొక సంగతి ఉన్నది. 6,03,550 అన్నది ఇశ్రాయేలు జనమంతటి సంఖ్య కాదు. ఇరువది ఏండ్లు మొదలుకొని పై ప్రాయము కలిగి, యుద్ధమునకు వెళ్లగల పురుషుల సంఖ్య మాత్రమే. స్త్రీలు, పిల్లలు ఇందులో లేరు. లేవీయులను ఇందులో చేర్చలేదు, వారిని వేరుగా లెక్కించారు. కాబట్టి ఏ అంకె మన ముందుకు వచ్చినా మొదట అడగవలసినది, "ఇందులో ఎవరిని లెక్కించారు, ఎవరిని విడిచారు?" అన్నది. ఆ అధ్యాయము దీనిని దాచకుండా స్పష్టంగా చెప్పింది. మన కాలపు ప్రకటనలు చాలామట్టుకు చెప్పవు.

ఏడు ఇళ్ల భూమి

ఒక చిన్న పల్లెలో ఏడు ఇళ్లు ఉన్నాయనుకుందాం. వారి భూములు ఎకరాలలో వరుసగా 1, 1, 2, 2, 2, 3, 24. మొత్తం 35 ఎకరాలు. ఏడు చేత భాగిస్తే సగటు 5 ఎకరాలు. ఒక అధికారి వచ్చి, ఈ ఊరిలో సగటున ఇంటికి 5 ఎకరాలున్నాయి, వీరికి సహాయం అవసరం లేదు అని వ్రాసుకొని పోతే లెక్క తప్పు కాదు. కాని అన్యాయం జరిగినట్టే. ఆ ఊరిలో ఆరు ఇళ్లకు 3 ఎకరాలకు మించి లేదు. 5 ఎకరాలున్న ఇల్లు ఒక్కటీ లేదు. 24 ఎకరాల ఆసామి ఒక్కడు సగటును తన వైపుకు లాగుకున్నాడు.

ఇక్కడ మధ్యగతం చూడండి. వరుసలో నాలుగవ ఇల్లు, 2 ఎకరాలు. బాహుళకమూ 2 ఎకరాలే. ఊరి నిజస్థితికి దగ్గరగా ఉన్నవి ఇవి. ఆసామికి 24 బదులు 240 ఎకరాలున్నా మధ్యగతం కదలదు. కాబట్టి సొమ్ము, భూమి, జీతం, ఆదాయం వంటి విషయాలలో ఎవరైనా సగటు చెబితే, "మధ్యలోని ఇంటికి ఎంత?" అని అడగండి.

చెప్పుల దుకాణం పెట్టుకున్నవానికి బాహుళకమే ఆధారం. ఒక పూట అమ్ముడుపోయిన జతల కొలతలు 6, 7, 7, 7, 8, 8, 10 అయితే సగటు సుమారు 7.6. ఆ కొలతలో చెప్పులు ఎవరూ కుట్టరు. అతడు ఎక్కువగా తెప్పించవలసినది 7 నంబరు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క కొలత తగును.

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి చిత్తూరు జిల్లాలో సుమారు 41 లక్షల 74 వేల మంది ఉన్నారు. చదరపు కిలోమీటరుకు సగటున 275 మంది. కాని తిరుపతి వీధులలో నిలబడినవాడికీ, తలకోన అడవిలో నిలబడినవాడికీ ఆ 275 కనిపించదు. వాన సంగతీ అంతే. సత్యవేడు, శ్రీకాళహస్తి వైపు ఈశాన్య ఋతుపవనాలు బాగా కురుస్తాయి, పడమటి మండలాలలో తక్కువ. జిల్లా సగటు చూసుకొని తంబళ్లపల్లె రైతు విత్తనం కొనలేడు. సగటు వినగానే వ్యాప్తిని కూడా అడగాలి.

ఎంతలో ఎంత?

ఒక ఆసామికి 40 గొర్రెలు, అందులో జబ్బుతో 4 చనిపోయాయి. పక్కింటి వితంతువుకు 10 గొర్రెలు, అందులో 2 చనిపోయాయి. ఎవరి మందను జబ్బు గట్టిగా పట్టింది? నాలుగు రెండుకంటె ఎక్కువే. కాని నలభైలో నాలుగు అంటే నూటికి 10, పదిలో రెండు అంటే నూటికి 20. జబ్బు ఆమె మందనే రెండింతలు దెబ్బతీసింది. పై అంకెను మాత్రమే చూచినవాడు ఆసామిని ఓదార్చి వెళ్లిపోతాడు.

ప్రైవేటు బడుల ప్రకటనలలో నూటికి నూరు శాతం ఉత్తీర్ణత అని చూస్తుంటాము. వడ్డీకి అప్పు తెచ్చి అక్కడ ఫీజు కట్టే ముందు, పరీక్షకు ఎంతమందిని కూర్చోబెట్టారు అని అడగండి. తొమ్మిదవ తరగతిలో 40 మంది ఉండి, వెనుకబడినవారిని ముందే పంపివేసి, 12 మందిని మాత్రం పరీక్షకు పంపితే, పన్నెండుకు పన్నెండు నూటికి నూరే. మీ అబ్బాయి ఆ పన్నెండుమందిలో ఉంటాడో, పంపివేయబడిన ఇరవై ఎనిమిదిమందిలో ఉంటాడో ఆ శాతం చెప్పదు. "ఎంతమందిలో?" అన్న ఒక్క మాట కొన్ని వేల రూపాయలను కాపాడగలదు.

ఒక్క మెతుకు చాలునా?

అన్నం ఉడికిందో లేదో చూడడానికి కుండంతా తినవలసిన పని లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన తల్లులకు తెలుసు. సాంఖ్యకశాస్త్రంలో ఆ మెతుకును నమూనా అంటారు. అయితే రాగి సంగటి చేసే తల్లికి మరొక సంగతి కూడా తెలుసు. బాగా కెలకకపోతే అడుగున ఉండలు ఉండిపోతాయి. అప్పుడు పై ముద్ద తిని చూస్తే అడుగు సంగతి తెలియదు. నమూనా కూడా అంతటినుండీ కలియబెట్టి తీసినదైతేనే నమ్మదగినది.

దీనికి మన దేశంలో ఒక గొప్ప ఉదాహరణ ఉన్నది. క్షయ పట్టణాల జబ్బు, గాలి వెలుతురు ఉన్న పల్లెలకు అది అంతగా రాదు అని చాలాకాలం అనుకున్నారు. ఆసుపత్రికి వచ్చినవారిలో పట్టణవాసులు ఎక్కువగా కనిపిస్తే అలా అనిపించడం సహజమే. ఆసుపత్రికి వచ్చినవారు కుండలో పై ముద్ద వంటివారు. రాలేనివారు అడుగున ఉండిపోయారు. 1955 నుండి 1958 వరకు భారత వైద్య పరిశోధన మండలి దేశంలోని ఆరు ప్రాంతాలలో నమూనా సర్వే జరిపించింది. ఆ ఆరు కలకత్తా, ఢిల్లీ, హైదరాబాదు, పాట్నా, తిరువనంతపురం, మన మదనపల్లె. పట్టణాలను, పల్లెలను పద్ధతి ప్రకారం ఎంపిక చేసి, మనుషుల దగ్గరకే ఎక్స్-రే యంత్రాలు తీసుకువెళ్లారు. కఫంలో క్షయ క్రిములున్నవారు ప్రాంతాన్ని బట్టి వేయిమందికి 2 నుండి 8 మంది వరకు ఉన్నారని తేలింది. అంతకంటె ముఖ్యంగా, పల్లెలలోనూ జబ్బు ఇంచుమించు పట్టణాలలో ఉన్నంతగానే ఉన్నదని తెలిసింది. దేశ ప్రజలలో ఎక్కువమంది పల్లెలలోనే ఉన్నారు గనుక, రోగులలోనూ ఎక్కువమంది పల్లెలలోనే ఉన్నారన్న మాట. అంతవరకు ఎవరి లెక్కలోకీ రానివారు ఆ సర్వే వలన లెక్కలోకి వచ్చారు.

ఆరోగ్యవరం లెక్క

ఆ ఆరు పేర్లలో మదనపల్లె చేరడం ఊరకే జరిగినది కాదు. పలు మిషను సంఘాలు కలిసి, అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దగ్గర 1912లో ఆరంభించిన యూనియన్ మిషన్ క్షయ చికిత్సాలయమే ఆరోగ్యవరం. ఈ కాలపు మందులు లేని రోజులలో విశ్రాంతి, మంచి ఆహారం, శుభ్రమైన గాలి వీటినే నమ్ముకొని దక్షిణదేశం నలుమూలలనుండి రోగులు అక్కడికి వచ్చేవారు. అక్కడ పర్యవేక్షకులుగా పనిచేసిన డాక్టర్ పి. వి. బెంజమిన్‌గారు 1948లో భారత ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయ్యారు. డేనిష్ వైద్యుడు డాక్టర్ యోహానెస్ ఫ్రిమోట్-మోలర్‌గారు ఆ చుట్టుపట్ల జనంలో క్షయ ఎలా వ్యాపిస్తున్నదో తెలుసుకోవడానికి 1950 నుండి పెద్ద పరిశోధన నడిపించారు. మదనపల్లె పట్టణంలోను, దాని చుట్టూ ఉన్న గ్రామాలలోను ప్రజలను పరీక్షించి, ఏండ్ల తరబడి వారిని కనిపెట్టుకొని ఉన్నారు.

ఆ పనిలో ఒక భాగం బి.సి.జి. టీకాకు సంబంధించినది. టీకా నిజంగా కాపాడుతుందా లేదా? టీకా వేయించుకున్నవారిలో ఇంతమంది బాగున్నారు అని చెబితే చాలదు. టీకా లేకుండానే బాగున్నవారు ఎందరో ఉంటారు. కాబట్టి పోల్చి చూడడానికి రెండవ గుంపు కావాలి. ఒకరికి టీకా, ఆ పక్కవారికి లేదు అన్నట్లుగా, ఒకరు విడిచి ఒకరిని రెండు గుంపులుగా చేశారు. 1973లో వెలువడిన నివేదికలోని అంకెలు ఇవి. టీకా పొందినవారు 5,069 మంది, వారిలో క్షయ వచ్చినవారు 33 మంది. టీకా పొందనివారు 5,808 మంది, వారిలో క్షయ వచ్చినవారు 47 మంది.

పిల్లలను కూర్చోబెట్టి ఈ లెక్క చేయించండి. 33, 47 అనే అంకెలను అలాగే పోల్చకూడదు, ఎందుకంటే గుంపులు సమానం కావు. వేయికి ఎంతమంది అని చూడాలి. 33ను 5,069 చేత భాగించి వేయితో గుణిస్తే సుమారు 6.5. 47ను 5,808 చేత భాగించి వేయితో గుణిస్తే సుమారు 8.1. టీకా పొందినవారిలో జబ్బు ఇంచుమించు అయిదవ వంతు తగ్గినట్లు కనిపిస్తున్నది.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. తెలిసినవారు మరొక్క ప్రశ్న అడుగుతారు. ఇది టీకా వలన కలిగిన తేడానా, లేక కాకతాళీయమా? నాణేన్ని పదిసార్లు ఎగరవేస్తే ప్రతిసారీ సరిగ్గా అయిదు బొమ్మలు, అయిదు బొరుసులు పడవు గదా. లెక్క ఇలా చూడండి. రెండు గుంపులలో కలిపి రోగులు 80 మంది. టీకా ఏ మేలూ చేయలేదనుకుంటే, ఆ 80 మంది గుంపుల పరిమాణాన్ని బట్టి పంచబడాలి. అప్పుడు టీకా గుంపులో సుమారు 37 మంది, రెండవ గుంపులో సుమారు 43 మంది ఉండాలి. నిజంగా ఉన్నవారు 33, 47. అంటే తేడా నలుగురు మనుషులది మాత్రమే. పదివేలకు పైగా జనంలో నలుగురు ఇటునుండి అటు మారడం ఊరకే కూడా జరగవచ్చు. కాబట్టి ఈ అంకెలు "టీకా పనిచేస్తుంది" అని గాని, "పనిచేయదు" అని గాని గట్టిగా చెప్పలేవు. ఇంకా పెద్ద గుంపు కావాలి.

అలాంటి పెద్ద పరిశోధన 1968లో మన పొరుగు జిల్లా చెంగల్పట్టులో మొదలయింది. అందులో లక్షల జనాన్ని చేర్చి, ఎవరికి టీకా, ఎవరికి కాదు అన్నది ఎవరి ఇష్టానికీ వదలకుండా యాదృచ్ఛికంగా నిర్ణయించారు. 1999లో వెలువడిన పదిహేనేళ్ల ఫలితాలలో, పెద్దవారి ఊపిరితిత్తుల క్షయనుండి ఆ టీకా కాపాడలేదని తేలింది. ఎందరో ఆశ పెట్టుకున్న ఫలితం ఇది కాదు. అయినా వచ్చిన అంకెను వచ్చినట్టే లోకానికి చెప్పారు.

అలాగని మన పసిబిడ్డలకు బి.సి.జి. మానవచ్చునా? మానకూడదు. చిన్నపిల్లలలో మెదడు పొరలకు సోకే క్షయ, శరీరమంతా వ్యాపించే క్షయ చాలా ప్రమాదకరమైనవి. వాటినుండి ఈ టీకా కాపాడుతుందని వేరే పరిశోధనలలో తేలింది. అందుకే బిడ్డ పుట్టగానే ఈ టీకా వేస్తున్నారు. "టీకా పనిచేస్తుందా?" అని ఊరకే అడిగితే సరియైన జవాబు దొరకదు. "ఎవరిలో, ఏ జబ్బునుండి?" అని కూడా అడగాలి.

చీట్లు వేసి తేల్చిన సంగతి

క్షయ వచ్చిన తల్లిని ఇంటినుండి దూరంగా నెలల తరబడి చికిత్సాలయంలో ఉంచవలసిన రోజులు ఉండేవి. ఇంట్లో పాలు తాగే బిడ్డ, పొలంలో భర్త, ఆమె ఎక్కడో మంచం మీద. మంచాలు కొద్ది, రోగులు లక్షలు. మంచం దొరకనివారికి దిక్కు లేదు. మందులు వచ్చిన తరువాత, ఇంట్లోనే ఉంచి మాత్రలిస్తే నయం కాదా అన్న ప్రశ్న పుట్టింది. నయం కాదు, పైగా ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది అని అనేకులు భయపడ్డారు.

1956లో మద్రాసులో స్థాపించిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఈ ప్రశ్నను అంకెలతో తేల్చింది. 193 మంది పేద రోగులను తీసుకొని, కొందరిని ఇంట్లో, కొందరిని చికిత్సాలయంలో ఉంచి ఒకే మందులు ఏడాదిపాటు ఇచ్చారు. ఎవరు ఎక్కడ ఉండాలన్నది వైద్యులు ఎన్నుకోలేదు. చీట్లు వేసినట్లుగా నిర్ణయించారు. యెహోషువ కాలములో గోత్రములకు స్వాస్థ్యములను చీట్లు వేసి పంచిన సంగతి మనకు తెలుసు. మనుష్యుల పక్షపాతానికి అక్కడ చోటు లేదు. ఇక్కడా అదే కారణం. వైద్యుడే ఎంపిక చేస్తే, జబ్బు ముదిరినవారిని చికిత్సాలయానికి, తేలికగా ఉన్నవారిని ఇంటికి పంపే అవకాశం ఉన్నది. అప్పుడు ఇంటి చికిత్స బాగున్నట్లు కనిపించినా అది ఇంటి గొప్ప కాదు, రోగి బలమే.

1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఉన్నవారు ఇంచుమించు చికిత్సాలయంలో ఉన్నవారితో సమానంగానే కోలుకున్నారు. మందులు వాడుతూ ఇంట్లో ఉన్న రోగి వలన కుటుంబానికి అదనపు ప్రమాదమూ కనబడలేదు. తరువాత లోకమంతటా క్షయ రోగులు ఇంటి దగ్గరే ఉండి చికిత్స పొందడానికి ఇది దారి చూపింది. ఆరోగ్యవరం వంటి చికిత్సాలయాల పాత పని తగ్గిపోయింది. ఆ ఆసుపత్రి ఇప్పుడు అన్ని రోగాలకూ వైద్యం చేస్తున్నది. తమ మంచాలు ఖాళీ అయ్యే ఫలితాన్నిచ్చిన శాస్త్రాన్ని కాదనకుండా, మారిన అవసరానికి తగినట్టు సేవను మార్చుకొన్నారు. నేడు ప్రభుత్వ ఆసుపత్రులలో క్షయకు పరీక్ష, మందులు ఉచితం. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే వెళ్లి కఫం పరీక్ష చేయించుకోవాలి.

మన పక్కనుండి లేచిన శాస్త్రవేత్త

ఇంత లెక్క పెద్ద దేశాలవారికే గాని మనవారికి ఎక్కడ వస్తుంది అని పిల్లలు అనుకుంటే, వారికి సి. ఆర్. రావుగారి సంగతి చెప్పండి. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920 సెప్టెంబరు 10న, అప్పటి బళ్లారి జిల్లా హడగళిలో, తెలుగు కుటుంబంలో ఎనిమిదవ సంతానంగా పుట్టారు. తండ్రి ఉద్యోగాన్ని బట్టి మనకు పొరుగున ఉన్న గూడూరులోను, నూజివీడు, నందిగామలలోను, విశాఖపట్నంలోను చదువుకున్నారు. ఉద్యోగం వెదుక్కుంటూ కలకత్తా వెళ్లి, అక్కడ ప్రశాంత చంద్ర మహలనోబిస్‌గారు 1931లో స్థాపించిన భారత సాంఖ్యక సంస్థలో చేరారు. 1945లో, ఇరవై అయిదేళ్ల ప్రాయంలో ఆయన ప్రకటించిన ఒక వ్యాసం నేటికీ లోకమంతటా ఈ శాస్త్రానికి పునాదిరాళ్లలో ఒకటి. నమూనాను చూచి మొత్తాన్ని అంచనా వేసేటప్పుడు, ఆ అంచనా ఎంత ఖచ్చితంగా ఉండగలదో, దాని హద్దు ఎక్కడో ఆయన చూపించారు. ఒక్క మెతుకు ఎంతవరకు చెప్పగలదు, ఎక్కడినుండి చెప్పలేదు అన్నదానికి లెక్క కట్టారన్న మాట. 2023లో ఆయనకు అంతర్జాతీయ సాంఖ్యక బహుమతి లభించింది. అదే సంవత్సరం ఆగస్టు 22న, 102 ఏండ్ల వయస్సులో కన్నుమూశారు.

ఇంట్లో ఒక నోటుపుస్తకం

ఈ శాస్త్రం నేర్చుకోవడానికి ఖర్చు లేదు. ఒక నోటుపుస్తకం, పెన్సిలు చాలును. పాల కేంద్రానికి రోజూ ఉదయం పోసిన పాలను మీ అమ్మాయి చేత వ్రాయించండి. వారం రోజుల లెక్క 4, 4, 5, 4, 1, 4, 6 లీటర్లు అనుకుందాం. మొత్తం 28, సగటు 4. వరుసలో పెడితే 1, 4, 4, 4, 4, 5, 6 గనుక మధ్యగతం 4, బాహుళకమూ 4. వ్యాప్తి 5. ఇప్పుడు ఆ ఒకటి మీద వేలు పెట్టి అడగండి, ఆ రోజు ఏమయింది? దూడ తాగిందా, ఆవుకు జబ్బు చేసిందా, లేక వ్రాయడంలో పొరపాటా? మిగిలినవాటికి దూరంగా నిలిచిన అంకెను చెరిపివేయకూడదు, దానిని ప్రశ్నించాలి. తప్పిపోయిన ఒక్క గొర్రె వంటిది అది. తక్కిన తొంబదితొమ్మిదిటికంటె ఎక్కువ సంగతులు అదే చెప్పవచ్చు.

ఇదే విధంగా టమోటా ధర, వేరుశనగ దిగుబడి, బావిలో నీటిమట్టం, నెల ఖర్చు వ్రాసుకోవచ్చు. ఒక్క ఏడాది మంచి ధర చూచి అప్పు చేసి పంట వేసేవానికంటె, అయిదేండ్ల ధరలను వరుసగా వ్రాసి మధ్యలోని ధరకు గిట్టుబాటు అవుతుందో లేదో చూచుకొనేవాడు నిదానంగా నిద్రపోతాడు. స్త్రీల సమాజంలోను, యౌవనస్థుల కూటంలోను ఒక పూట ఇటువంటి లెక్క కలిసి చేయడం మంచిది.

పిల్లలకు ఈ నాలుగు ప్రశ్నలు నోటికి రావాలి. ఎవరిని లెక్కించారు, ఎవరిని విడిచారు? ఎంతమందిలో ఎంతమంది? దేనితో పోల్చి చెబుతున్నారు? ఇది కాకతాళీయంగా కూడా జరగవచ్చునా? ఈ నాలుగూ అడగగలిగిన పిల్లవాడు పరీక్షలో ఎన్ని మార్కులు తెచ్చుకున్నా, సగం మాటకు మోసపోడు.

మనవైపునుండి కూడా ఒక బాధ్యత ఉన్నది. 2021లో జరగవలసిన జనాభా లెక్కలు కోవిడ్ వలన వాయిదా పడ్డాయి. 2027 మార్చి 1వ తేదీని ప్రమాణంగా పెట్టుకొని లెక్కలు జరుపుతామని ప్రభుత్వం 2025 జూన్‌లో ప్రకటించింది. లెక్కించేవారు ఇంటికి వచ్చినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మంచం పట్టిన ముసలమ్మను, పనికి బెంగుళూరు వెళ్లి వచ్చే కొడుకును, నిన్న పుట్టిన ఆడబిడ్డను మరువకూడదు. లెక్కలో చేరనివారికి బడి, ఆసుపత్రి, నీటి కుళాయి చేరడం కష్టం. తొంబదితొమ్మిదింటిని విడిచి ఒక్కదానిని వెదకిన కాపరికి, ఆ ఒక్కటి తప్పిపోయినదని ఎలా తెలిసింది? మందను లెక్కపెట్టుకున్నాడు గనుకనే గదా.